గేటు ఎందుకు లేవలేదు?

చిల్లకల్లు టోల్‌గేటు, హైవే పక్కన పెట్రోలు బంకు, నందిగామ రేషన్ దుకాణం... యంత్రానికీ ఆజ్ఞకీ మధ్య మాట ఎక్కడ తెగుతోంది?

సంక్రాంతికి ముందు హైదరాబాద్‌లో బయల్దేరిన కార్లు కోదాడ దాటి, గరికపాడు దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టి, జగ్గయ్యపేట ఊళ్లోకి పోకుండానే సాగి చిల్లకల్లు టోల్‌గేటు ముందు బారులు తీరతాయి. ముందు కారుకు గేటు లేస్తుంది. మన కారుకు లేవదు. "స్కాన్ అవ్వట్లేదు సార్, కొంచెం వెనక్కి తియ్యండి." తీస్తాం. "ఇప్పుడు ముందుకి రండి." వస్తాం. వెనక హారన్లు, వెనక సీట్లో నిద్రలేచిన పిల్లలు. చేతి రీడరు పట్టుకుని ఓ కుర్రాడు పరుగెత్తుకొస్తాడు. అద్దానికి ఆనించి చూసి పెదవి విరుస్తాడు. చివరికి తీర్పు చెబుతాడు: "సర్వర్ ప్రాబ్లం సార్."

ఈ మాట మెట్ట కృష్ణాలో ఎక్కడైనా చెల్లుతుంది. (2022 ఏప్రిల్ నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ, ఇక్కడి పెద్దల నోట ఇంకా కృష్ణా జిల్లానే.) బ్యాంకులో అదే మాట, మీసేవలో అదే మాట, రేషన్ దుకాణంలో అదే మాట. సర్వరంటే ఎక్కడో ఉన్న ఒక కంప్యూటరు. అది ఎదురు తిరిగి జవాబు చెప్పదు కనుక దాని మీద ఏ నేరం మోపినా ఇబ్బంది లేదు. అద్దం మీది ట్యాగు చిరిగినా సర్వరే, రీడరు పక్కకి ఒరిగినా సర్వరే, కేవైసీ లేదని బ్యాంకు ట్యాగును ఆపేసినా సర్వరే. హార్డ్‌వేరూ సాఫ్ట్‌వేరూ కలిసే చోట్లు ఒక్క టోల్‌గేటులోనే అరడజను ఉంటాయి. వాటిలో ఏది తెగిందన్నది కాలక్షేపానికి అడిగే ప్రశ్న కాదు. డబ్బు ఎవరి జేబులోంచి పోవాలో అక్కడే తేలుతుంది.

బ్యాటరీ లేని స్టిక్కరు

అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ లేదు. మిల్లీమీటరైనా లేని ఒక చిప్పు, దానికి ఇరుపక్కలా పల్చటి లోహపు రేకుతో చేసిన యాంటెన్నా, అంతే సరంజామా. లేను పైన బిగించిన రీడరు 865, 867 మెగాహెర్ట్జ్‌ల మధ్య రేడియో తరంగాలు వదులుతూ ఉంటుంది. కారు దాని పరిధిలోకి రాగానే ట్యాగులోని యాంటెన్నా ఆ తరంగాల్లోంచే కాస్త శక్తి పట్టుకుని చిప్పును లేపుతుంది. లేచిన చిప్పు జవాబు చెప్పే తీరు ముచ్చటైనది. సొంతంగా ప్రసారం చేసే బలం దానికి లేదు. అందుకని తన మీద పడుతున్న తరంగాన్నే ఒక క్షణం ఎక్కువగా, మరుక్షణం తక్కువగా వెనక్కి కొడుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని రీడరు ఒకట్లూ సున్నాలుగా చదువుకుంటుంది.

ఇంతవరకూ జరిగిందంతా భౌతికశాస్త్రమే. అద్దంలో లోహపు పూత ఉంటే తరంగం లోపలికి సరిగా రాదు. ఒక బండి నుంచి ట్యాగును పీకి ఇంకో బండికి అంటించబోతే యాంటెన్నా చిరుగుతుంది. ఇక ఎంత గొప్ప సర్వరున్నా ఒరిగేదేమీ లేదు. ట్యాగును అద్దానికి అంటించకుండా చేత్తో పట్టుకుని ఊపేవాళ్ల సంగతి మరీ విచిత్రం. పక్క లేను రీడరు కూడా దాన్ని చదివేస్తుంది, ఒకరి డబ్బుతో ఇంకొకరి గేటు లేస్తుంది. ఈ తలనొప్పి భరించలేకే జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలో అలాంటి ట్యాగుల్ని బ్లాక్‌లిస్టులో పెట్టాలని నిర్ణయించింది.

బండి వచ్చి నిలబడిందని గేటుకు చెప్పేది మాత్రం ట్యాగు కాదు. టోల్‌గేటు దగ్గర నేలను గమనిస్తే కాంక్రీటులో నలుచదరంగా కోసి పూడ్చిన గాడి కనిపిస్తుంది. దాని కింద తీగ చుట్టలుంటాయి. అంత లోహం పైకి రాగానే ఆ తీగ చుట్ట విద్యుత్ గుణం మారుతుంది, బండి వచ్చిందని తెలుస్తుంది. బండి దాటిపోగానే మళ్లీ మామూలవుతుంది. మన వెనక గేటు దిగేది ఆ తీగ మాట విని.

ట్యాగు చెప్పిన అంకెలకు అర్థం మాత్రం చిప్పులో లేదు, రీడరులోనూ లేదు. లేను పక్కనున్న కంప్యూటరు ఆ అంకెల్ని ప్లాజా సర్వరుకు పంపుతుంది. అక్కడి నుంచి టోలు వసూలు చూసే బ్యాంకుకు, ఆ బ్యాంకు నుంచి జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ నడిపే వ్యవస్థకు పోతాయి. ఈ ట్యాగు ఏ బ్యాంకు ఇచ్చింది, ఏ బండిది, కారా లారీనా, చెల్లుతుందా చెల్లదా అన్నవన్నీ అక్కడి పట్టికలో ఉంటాయి. చెల్లుతుందని తేలితే లేను కంప్యూటరు ఒక రిలేను మూస్తుంది, మోటారు తిరుగుతుంది, గేటు లేస్తుంది. మీ ఖాతాలో ఎంతుందో ఆ గేటుకు తెలియదు. కరెంటు వస్తే లేస్తుంది.

ఇనుము అదే ఉండి ఆజ్ఞ మాత్రం మారితే ఏమవుతుందో కూడా టోల్‌గేటు దగ్గరే చూడొచ్చు. పాత పద్ధతిలో చెల్లని ట్యాగుల జాబితాను ప్లాజాలకు ఎప్పటికప్పుడు పంపేవారు. కొత్త జాబితా రాకముందే గేటు దగ్గరికొచ్చి రీచార్జ్ చేసుకున్నవాడికి డబ్బు కట్టినా గేటు లేచేది కాదు. ఆ సంభాషణ నియమాలకు ఐసీడీ 2.4 అని పేరు. తర్వాత వచ్చిన ఐసీడీ 2.5లో ట్యాగు స్థితి అప్పటికప్పుడు తెలుస్తుంది. 2025 ఫిబ్రవరి 17 నుంచి బ్లాక్‌లిస్టు ట్యాగులకు గడువు నిబంధన వచ్చినప్పుడు జనం గాభరా పడ్డారు. జాతీయ రహదారుల ప్లాజాలన్నీ 2.5 మీదే నడుస్తున్నాయి, గేటు దాటేలోపు ఎప్పుడైనా రీచార్జ్ చేసుకోవచ్చు, పాత పద్ధతి ఉన్నది కొన్ని రాష్ట్ర రహదారుల మీదేనని రహదారుల సంస్థ చెప్పాల్సి వచ్చింది. స్తంభం అదే, రీడరు అదే, అద్దం మీది స్టిక్కరూ అదే. వాటి మధ్య మాటల కట్టుబాటు మారితే గేటు ప్రవర్తనే మారిపోయింది.

ఇక డబ్బు సంగతి. చిల్లకల్లులోనైనా, నందిగామ దాటాక కీసరలోనైనా చెల్లే నియమం ఒకటుంది. 2018 మేలో కేంద్రం ఇచ్చిన గెజిట్ ప్రకారం మీ ట్యాగు చెల్లుబాటులో ఉండి, ఖాతాలో చాలినంత డబ్బుండి, టోల్‌ప్లాజా పరికరాల లోపం వల్లనే రుసుము తీసుకోలేకపోతే మిమ్మల్ని పైసా అడగకుండా పంపాలి, సున్నా రసీదు తప్పనిసరిగా ఇవ్వాలి. తప్పు మీ ట్యాగుదైతే కథ అడ్డం తిరుగుతుంది. 2025 నవంబరు 15న అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐలో కడితే ఒకటింబావు వంతు. పండగ పూట ఎవరూ ఈ సున్నా రసీదు అడగరు, అడిగే ఓపికా ఉండదు. ఆ రసీదు సంగతి "సర్వర్ ప్రాబ్లం" కింద అణిగిపోతుంది.

కరెంటు వచ్చిన మొదటి క్షణం

అసలు యంత్రానికి ఆజ్ఞ ఎలా అందుతుంది? కంప్యూటరు మీట నొక్కిన క్షణంలో దాని పని జ్ఞాపకం, అంటే ర్యామ్, ఖాళీ. ప్రాసెసరుకు ఏమీ తెలియదు. పుట్టుకతో దానికి అబ్బింది ఒకటే: కరెంటు రాగానే ఫలానా చిరునామాకు వెళ్లి అక్కడ రాసి ఉన్నది చెయ్యడం. ఆ చిరునామాలో ఉండే చిన్న ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. అది జ్ఞాపకాన్ని సరిచూస్తుంది, డిస్కును వెతుకుతుంది, విండోసో లైనక్సో ఏదుంటే దాన్ని లోపలికి తెచ్చి పగ్గాలు దాని చేతికిస్తుంది. కంప్యూటరు "ఆన్ అవుతోంది" అని మనం ఎదురుచూసే కాసేపట్లో జరిగేది ఈ చేతులు మారడమే.

జగ్గయ్యపేట వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. ఊరి పక్కన ధనంబోడు మీద 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ తవ్వించిన బౌద్ధ స్తూపం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో సిద్ధార్థుడనే శిల్పి ఆయక స్తంభాలు చేయించి ఇచ్చిన సంగతి అక్కడి రాతి మీద చెక్కి ఉంది. పదిహేడు వందల ఏళ్లయినా చెరగలేదు. ఫర్మ్‌వేర్ ఆ రాతి మీది రాత, ర్యామ్ బడిపిల్లవాడి పలక. కరెంటు పోతే పలక తుడిచేసినట్టే. రెండింట్లోనూ ఉన్నది రాతే, మారేది రాసిన చోటు. ఆ మాటకొస్తే సాఫ్ట్‌వేర్ కూడా గాలిలో తేలేదేమీ కాదు. ఫోనులో దాచుకున్న ప్రోగ్రాము అంటే సిలికాన్ గదుల్లో బంధించిన కొన్ని ఎలక్ట్రాన్లే. తూకానికి అందకపోయినా అదీ పదార్థమే.

ఆ రాతి రాత లేని రోజుల్లో ఏం చేసేవారు? చేత్తో ఎక్కించేవారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన శాస్త్రవేత్త ఎ.ఎస్.రావు సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ మొదలైంది. 1960ల చివర్లో దాని నుంచి టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటరు వచ్చింది. ఆ తరం యంత్రాల ముందు పలక మీద వరుసగా స్విచ్చులుండేవి. మొదటి కొన్ని ఆజ్ఞల్ని ఆపరేటరు ఆ స్విచ్చుల్ని ఒక్కొక్కటే పైకీ కిందికీ వేసి లోపలికి పంపేవాడు. తర్వాతే చిల్లుల కాగితపు చుట్టలోంచి అసలు ప్రోగ్రాము నడిచొచ్చేది. సాఫ్ట్‌వేర్ మనిషి వేళ్ల మీదుగా హార్డ్‌వేర్‌లోకి దిగడం చూసినవాళ్లు ఆ తరంవాళ్లు. మనం ఆ భాగ్యానికి నోచుకోలేదు, ఆ శ్రమకీ నోచుకోలేదు.

అదే ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ కలిసి ఈవీఎంలు తయారుచేస్తాయి. వాటి చిప్పుల్లో ప్రోగ్రామును ఒక్కసారే రాయగలరని, తర్వాత మార్చడం కుదరదని ఎన్నికల సంఘం చెబుతుంది. అంటే పలకను కావాలనే రాయిగా మార్చేశారన్నమాట. దీని మీద వాదాలు ఎన్నేళ్లు నడిచినా, ఆజ్ఞను ఇనుములోకి కరిగించి పోసేస్తే చేయి పెట్టే సందు తగ్గుతుందన్న ఆలోచన మాత్రం గట్టిదే. సందు వదిలితే ఏమవుతుందో పెట్రోలు బంకులు చూపించాయి.

తెర మీద లీటరు

బంకులో పెట్రోలు పోస్తున్నప్పుడు మనం చూసేది గొట్టాన్ని కాదు, తెరను. గొట్టంలోంచి పోయే పెట్రోలు ఒక మీటరును తిప్పుతుంది. ఆ ఇరుసుకు బిగించిన పల్సరు ఇంత తిరుగుడుకు ఇన్ని విద్యుత్ స్పందనలని పంపుతుంది. లోపలి బోర్డు ఆ స్పందనల్ని లెక్కపెట్టి, గుణించి, తెర మీద లీటర్లు చూపిస్తుంది. పోసింది హార్డ్‌వేర్, చెప్పింది సాఫ్ట్‌వేర్. ఈ రెండింటి మధ్య ఒక కొత్త చిప్పు దూర్చితే చాలు.

2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు, తూనికలు కొలతల శాఖ కలిసి బయటపెట్టిన మోసం సరిగ్గా అదే. తెర మీద 1000 మిల్లీలీటర్లు కనపడుతుంది, ట్యాంకులో పడేది 970. తెలంగాణలో 11 బంకులు, ఆంధ్రప్రదేశ్‌లో 22 బంకులు మూతపడ్డాయి. మీటరుకు గానీ గొట్టానికి గానీ లోపం లేదు. లీటరుకు 30 మిల్లీలీటర్లు అంకెల్లోనే ఆవిరైపోయాయి. పూర్వం తక్కువ కొలిచేవాడికి సొట్టపోయిన కొలపాత్ర కావాల్సి వచ్చేది, దాన్ని చూస్తే పట్టేయొచ్చు. ఈ మోసానికి సొట్ట లేదు. అందుకే అనుమానం వస్తే తెరతో గొడవపడటం దండగ. ప్రతి బంకులోనూ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, అందులో పోసి చూపించమని అడిగే హక్కు మనకుంది. సాఫ్ట్‌వేర్ చెప్పినదాన్ని ఇనుముతోనే సరిచూడాలి.

జయంతిపురం రామ్‌కో, ముక్త్యాల కేసీపీ ఫ్యాక్టరీల సిమెంటు లారీలు ఎక్కే వేబ్రిడ్జిలోనూ, పత్తి బోరాలు తూచే కాటాలోనూ ఇదే వరస. బరువు పడగానే ఉక్కు దిమ్మె కంటికి కనపడనంత వంగుతుంది. దానికి అంటించిన సన్నటి రేకు సాగుతుంది, సాగితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పు మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని క్వింటాళ్లుగా మార్చేది లోపల దాచిన రెండు అంకెలు: సున్నా ఎక్కడ, ఒక మిల్లీవోల్టుకు ఎన్ని కిలోలు. తూనికల శాఖవాళ్లు సీలు వేసి కాపాడేది ఆ అంకెల్ని. పత్తి రైతు చూడాల్సింది కూడా తెర మీది బరువుకంటే ముందు, ఖాళీ కాటా మీద సున్నా ఉందా, సీలు ఈ ఏడాదిదేనా అన్నవే.

హార్డ్‌వేర్ రాయిలా ఉండి సాఫ్ట్‌వేర్ ఒక్కటే కుప్పకూలడం మన తెలుగువాళ్లకు బాగా గుర్తుండాలి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం చూసి మూర్ఛపోయాయి. "జ్ఞా" అన్న గుణింతాన్ని కంటికి కనపడని ఒక విడదీత గుర్తుతో కలిపి పంపితే, దాన్ని తెర మీద ఎలా పేర్చాలో తేల్చుకోలేక సందేశాల యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మళ్లీ మళ్లీ మొదలై పనికిరాకుండా పోయేది. ఆ ఫోన్లలో ఒక్క మరా వదులు కాలేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అనే సవరణ పంపింది, చచ్చిన ఫోన్లు లేచి కూర్చున్నాయి. రిపేరు షాపులో "బోర్డు పోయింది" అన్న మాట వినగానే తలూపేవాళ్లు ఈ ముచ్చట గుర్తుంచుకుంటే మంచిది.

వేలు పడటం లేదు

అన్నిటికన్నా కష్టమైన కలయిక రేషన్ దుకాణంలో జరుగుతుంది. అక్కడ హార్డ్‌వేర్‌లో ఒక భాగం మనిషి వేలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. బియ్యం కావాలంటే వేలు పెట్టాలి. నందిగామ చుట్టుపక్కల చేలల్లో పత్తి తీసి, మిరపకాయలు కోసి వచ్చిన ఆడవాళ్ల చేతులు చూడండి. వేళ్ల మీది గీతలు అరిగి, కొస చర్మం చిట్లి ఉంటుంది. సిమెంటు పనికి పోయేవాళ్లదీ అంతే. "మామ్మా, చెయ్యి చీరకి తుడుచుకుని ఇంకోసారి పెట్టు." పెడుతుంది. "ఈ వేలు కాదు, పక్కది." అదీ పెడుతుంది. వెనకున్నవాళ్లు నిట్టూరుస్తారు.

లోపల జరిగేది ఇది. స్కానరులో గాజు పలక కింద దీపం, కెమెరా ఉంటాయి. చర్మపు గట్లు గాజును తాకిన చోటా, తాకని చోటా వెలుగు వేరుగా తిరిగొస్తుంది. అలా బొమ్మ తయారవుతుంది. ఇక్కడితో హార్డ్‌వేర్ పని అయిపోయింది. ఆ బొమ్మలో గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ రెండుగా చీలాయి అన్న గుర్తుల్ని సాఫ్ట్‌వేర్ ఏరుకుంటుంది. వాటికి తాళం వేసి, సిమ్ కార్డు సిగ్నల్ మీద ఆధార్ సంస్థకు పంపుతుంది. అక్కడినుంచి వచ్చేది అవుననో కాదనో ఒక్క ముక్కే. గీతలు అరిగితే గుర్తులు దొరకవు, దొరికినవి చాలవు, జవాబు "కాదు". యంత్రం అబద్ధం చెప్పలేదు, మామ్మా అబద్ధం చెప్పలేదు. అయినా మామ్మ మామ్మ కాకుండా పోయింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకుని, వాటితో రబ్బరు ముద్రలు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. నిజమైన వేలిని కాదన్న యంత్రం రబ్బరును ఔనంది. గాజు పలకకు ప్రాణం తెలియదు, ఎత్తుపల్లాలే తెలుసు. దీనికి మందు రెండు వైపుల నుంచీ వేశారు. 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ, గీతల గుర్తులతోపాటు వేలి బొమ్మను కూడా చూసి అది బతికున్న వేలేనా అని తేల్చే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. స్కానర్లను కూడా మార్పించడం మొదలుపెట్టింది. పాత ఎల్0 రకంలో ముద్రకు తాళం వేసే పని స్కానరు తగిలించిన ఫోనులోనో కంప్యూటరులోనో ఉన్న సాఫ్ట్‌వేర్‌ది, మధ్యలో దూరేవాడికి అక్కడ సందు దొరికేది. ఎల్1 రకంలో ఆ పని బయటివాళ్లు చొరబడలేని భద్రమైన చోట జరుగుతుంది.

నా మట్టుకు ఈ సవరణల్లో ఒక లెక్క తప్పింది. దొంగను ఆపడానికి జల్లెడ కళ్లు సన్నం చేసిన ప్రతిసారీ అరిగిన వేళ్లవాళ్లు మరికొందరు పైనే మిగిలిపోతారు. వాళ్ల కోసం కనుపాప పరీక్ష, వీఆర్వో ధ్రువీకరణ వంటి పక్కదారులు పెట్టారు. అవి ఉన్నాయని క్యూలో నిలబడ్డవాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. 2021 ఫిబ్రవరి నుంచి బళ్లలో ఇంటింటికీ బియ్యం తెచ్చినప్పుడు సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కుంటూ బండే తిరిగేది. 2025 జూన్ నుంచి మళ్లీ దుకాణాలకే వెళ్తున్నాం. వేలు, గాజు, సిగ్నల్... వరస మాత్రం మారలేదు.

"సర్వర్ పని చెయ్యట్లేదమ్మా, రేపు రా" అన్నప్పుడు ఒక్క మాట అడగొచ్చు: తెర మీద ఏ నంబరు వచ్చింది? ఆధార్ నుంచి వచ్చే తిరస్కారానికి నంబరుంటుంది. 300 అంటే వేలిముద్ర సరిపోలలేదని. సర్వరు పనిచేసింది, జవాబు కూడా చెప్పింది. వేలు మార్చాలి, లేదా కనుపాపకు పోవాలి, లేదా ఆధార్ కేంద్రంలో ముద్రలు మళ్లీ ఇచ్చి రావాలి. 330 అంటే బయోమెట్రిక్‌కు తాళం పడి ఉందని, మోసాల భయంతో ఇంట్లో పిల్లలెవరో ఫోనులో వేసి మరిచిపోయి ఉంటారు. ఏ నంబరూ రాకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంటే అప్పుడది సిగ్నల్ సంగతి, మర్నాడు రమ్మనడంలో న్యాయం ఉంది. 300 వచ్చిన మనిషిని మర్నాడు రమ్మంటే మాత్రం మర్నాడూ అదే వేలు, అదే 300. ఇవ్వనంటే ఫిర్యాదుకు 1967 ఉంది. టోల్‌గేటు దగ్గరైతే 1033.